అప్‌డేట్: పగిలిన అండాశయ సిస్టు (నీటితిత్తి), ఆపరేషన్ లేకుండానే తగ్గింది

కుడి పొత్తికడుపులో ఉన్నట్టుండి పోటు, స్కానింగులో 4 సెం.మీ. సిస్టు పగిలి నీరు చేరిందని రిపోర్టు. పిల్లలు పుట్టడానికి అడ్డమా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అక్కలందరికీ థాంక్స్.

"ముందు బీటా హెచ్‌సీజీ చేయించు" అన్న సలహానే అసలు పనికొచ్చింది. గర్భం ఉందో లేదో చెప్పే ఆ రక్తపరీక్ష నెగెటివ్ వచ్చింది, ట్యూబులో గర్భం కాదని తేలింది. డాప్లర్ స్కానులో అండాశయానికి రక్తప్రసరణ బాగుంది, అది మెలిపడిన సూచనలు లేవు. హిమోగ్లోబిన్ 11.4, 6 గంటల తర్వాత 11.1. లోపల పెద్దగా రక్తస్రావం జరగడం లేదన్నమాట. పారాసిటమాల్, విశ్రాంతి, అంతే. 6 వారాలకు, నెలసరి 5వ రోజున తీసిన స్కానులో సిస్టూ లేదు, నీరూ లేదు.

అండాశయ క్యాన్సర్ అనుమానంతో చేసే సీఏ-125 రక్తపరీక్ష ఇలాంటప్పుడు అనవసరపు ఖర్చు. కడుపులో రక్తం చేరినా అది పెరుగుతుంది. అండం విడుదలయ్యాక ఏర్పడే ఇలాంటి సిస్టు పగిలితే సంతానానికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపొర లాంటిది బయట పెరగడం) వల్ల వచ్చిన సిస్టయితే లెక్క వేరు. కళ్లు తిరిగినా, భుజం కొనలో నొప్పి వచ్చినా మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.