ఫీల్డ్‌లో విన్న మాటని సిద్ధాంత గ్రంథంలో దిద్ది రాయాలా, అలాగే ఉంచాలా?

తునికాకు:
తెలుగులో పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నాను. జగిత్యాల వైపు బీడీలు చేసే ఆడవాళ్ల జ్ఞాపకాల మీద నా పని. పదకొండు మంది మాటలు రికార్డు చేశాను. మొన్నటి ప్రీ-సబ్మిషన్ సెమినార్‌లో మా గైడ్, ఇంకో ఇద్దరు పెద్దలు ఒకే మాట అన్నారు: వాళ్ల మాటలన్నీ ప్రామాణిక భాషలోకి మార్చి తెమ్మన్నారు. సరేనని ఒక అధ్యాయం మార్చాను. అప్పట్నించి ఒకటే టెన్షన్.

ఎనభై దాటిన ఒక అవ్వ, కోడలికి ఆకు కత్తిరించి ఇస్తూ తన చిన్నప్పటి సంగతి చెప్పింది. వాళ్ల నాయన దొర గడికి, అంటే ఊరి భూస్వామి కోటలాంటి ఇంటికి, వెట్టికి పోయేవాడు. ఆమె అన్నది ఇది: "దొర అచ్చిండు. మా నాయన లేసి నిలవడ్డడు. 'దొర అచ్చిండ్రు, లే బిడ్డా' అన్నడు."

నేను మార్చి రాసింది ఇది: "దొర వచ్చారు. మా నాన్న లేచి నిలబడ్డాడు. 'దొరగారు వచ్చారు, లే అమ్మా' అన్నాడు."

రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. నాయన నోట దొర 'అచ్చిండ్రు'. అవ్వ నోట అదే దొర 'అచ్చిండు'. నాయన భయంతో ఇచ్చిన బహువచనాన్ని కూతురు ఇవ్వడం లేదు. టేపు మొత్తం వెతికాను, దొర గురించి తను చెప్పే ప్రతిచోటా ఏకవచనమే. 'వచ్చారు' అని దిద్దగానే, ఆమె తీసేసిన మర్యాదని నేను మళ్లీ దొరకి కట్టబెట్టినట్టయింది. నా అధ్యాయంలో చెప్పాలనుకున్నదే అది. దిద్దాక ఇక చెప్పడానికేం మిగల్లేదు.

మీరైతే ఏం చేస్తారు?

పెన్నా ఒడ్డు:
అమ్మా, ముప్పై ఏళ్లు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నువ్వు చూపించిన ఉదాహరణ గట్టిదే, ఒప్పుకుంటాను. కానీ మీ పెద్దల వైపు నుంచి కూడా ఆలోచించు. సిద్ధాంత గ్రంథం మీ జిల్లా వాళ్లే చదవరు. అనంతపురం పిల్లవాడు చదవాలి, మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల చదవాలి. నేను పరీక్షకుడిగా చూసిన కొన్ని గ్రంథాల్లో పేజీలకు పేజీలు యాస దించేశారు, కింద ఒక్క అర్థం లేదు, విశ్లేషణా లేదు. రికార్డు చేసింది దించడమే పరిశోధన అనుకున్నారు. అది చూసి విసిగిన వాళ్లే 'మార్చి తెండి' అంటారు. నీకు అవసరమైన ఆ రెండు క్రియల్ని యథాతథంగా ఉంచి, మిగతాది మార్చు. నష్టమేముంది?

ముంజేతి కంకణం:
మాస్టారూ, ఏ రెండు క్రియలు అవసరమో ముందే ఎలా తెలుస్తుంది? అక్క ఇవాళ క్రియ చూసింది. రేపు ఇంకొకరు అదే పాఠంలో బంధుత్వ పదాలు చూస్తారు. మార్చేసిన చోట వాళ్లకి దొరికేదేమీ ఉండదు.

అసలు 'ప్రామాణికం' అంటే ఎవరిది? గిడుగు రామమూర్తి గారి ఉద్యమం గ్రాంథికాన్ని పక్కకి నెట్టింది నిజమే. దాని స్థానంలో కుదురుకున్న శిష్ట వ్యావహారికానికి మాత్రం కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాటే ఆధారం. జగిత్యాల అవ్వని దిద్దడం అంటే ఆమె ఎన్నడూ పలకని ఇంకో ప్రాంతపు తెలుగు ఆమె నోట్లో పెట్టడం. ఆ గిడుగు వారే పర్లాకిమిడిలో ఉంటూ సవర గిరిజనుల దగ్గర కూర్చుని సవర భాష నేర్చుకున్నారు, 1931లో దాని వ్యాకరణం తెచ్చారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం 1962లో, వ్యవసాయం మీద వచ్చింది. రైతు పలికిన మాటని, అది వినిపించే ప్రాంతంతో సహా అచ్చు వేశారు. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల కథల్ని వాళ్ల మాటల్లోనే ఇచ్చింది. ఇవన్నీ మన దగ్గర జరిగిన పనులే కదా.

నేత మగ్గం:
నేను పరిశోధకుణ్ని కాదు. మా బాపమ్మతో ఒక విద్యార్థి మాట్లాడి వెళ్లాడు. ఒక పత్రికలో వేశారు. ప్రతి మాటా యాసలో, దీర్ఘాలతో సహా. దాని పక్క పేజీలో ఒక ప్రొఫెసర్ ఇంటర్వ్యూ. ఆయనదీ మా వైపే. ఆయన ఆడియో తర్వాత నేను విన్నాను, "గదేందంటే" అని మొదలుపెట్టారు. అచ్చులో అది "విషయమేమిటంటే" అయింది. మా బాపమ్మ మాట మాత్రం ఒక్క అక్షరం దిద్దలేదు. మా క్లాసులో పిల్లలు ఆ పేజీ చదివి వారం రోజులు ఆమెలా మాట్లాడి నవ్వారు.

ఉన్నదున్నట్టు రాయడం గౌరవమే అంటున్నారు. మరి అందరికీ అదే గౌరవం ఎందుకివ్వరు?

తునికాకు:
తమ్ముడూ, ఈ మాట నాకు తగిలింది. నా గ్రంథంలోనూ అదే తప్పుంది. ఒక బీడీ కంపెనీ గుమస్తాతో, ఒక డాక్టరుతో కూడా మాట్లాడాను. వాళ్ల మాటలు నాకు తెలియకుండానే సాఫు చేసి రాశాను. ఇవాళ ఆ రికార్డులు మళ్లీ తీశాను. డాక్టరు గారు కూడా 'అచ్చిండు' అనే అన్నారు.

ముంజేతి కంకణం:
నేత మగ్గం అడిగినదానికి ఇంకొంచెం కలుపుతాను. 'ఉన్నదున్నట్టు' అనేది నిజానికి ఎవరికీ సాధ్యం కాదు. 'వచ్చాడు' అన్నప్పుడు చకారం తర్వాత చాలామంది పలికే అచ్చు ఆ కాదు, ఏ కాదు, రెంటికీ మధ్యది. దానికి మన లిపిలో అక్షరమే లేదు. కాబట్టి రాసే ప్రతివాళ్లూ ఏదో ఒకటి ఎంచుకుంటారు. ఎలినార్ ఆక్స్ పిల్లల భాష మీద పనిచేస్తూ 1979లో దీని గురించే రాశారు. పేజీలో పెద్దవాళ్ల మాటలు ఎడమ వరసలో, పిల్లల మాటలు కుడి వరసలో పెడితే చాలు, సంభాషణ పెద్దవాళ్లే నడుపుతున్నట్టు కనిపిస్తుంది. పేజీ అమరికే అంత పని చేస్తే, ఒకరి యాస ఉంచి ఇంకొకరిది దిద్దడం ఎంత చేస్తుంది! అక్కా, ఏం ఎంచుకున్నావో, ఎందుకో ముందుమాటలో రెండు పేజీలు రాయి. ఆ నియమం డాక్టరుకీ అవ్వకీ ఒక్కటే అని చెప్పు.

ఇంకోటి. ఆ టేపులో మాటలు కానివి ఏం వినిపిస్తున్నాయి?

తునికాకు:
కత్తెర. ఆకు కత్తిరించే చప్పుడు గడియారంలా నడుస్తూనే ఉంటుంది. "దొర అచ్చిండు" దగ్గర ఆగిపోతుంది. తొమ్మిది సెకన్లు ఏమీ లేదు. మళ్లీ కత్తెర మొదలయ్యాకే "మా నాయన లేసి" అంటుంది. నేనది ఎక్కడా రాయలేదు.

పెన్నా ఒడ్డు:
రాయమ్మా. సంభాషణ విశ్లేషణలో గెయిల్ జెఫర్సన్ పద్ధతి ఉంది కదా, మౌనాన్ని సెకన్లలో కొలిచి బ్రాకెట్లో వేస్తారు. ఆ తొమ్మిది వెయ్యి. ఇందాక మిగతాది మార్చమన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కింద అర్థాలు ఇవ్వమన్న మాట మాత్రం వదలను. 'నిలవడ్డడు' చిత్తూరు వాడికి అర్థం కావాలి.

తునికాకు:
ఇస్తాను సర్. ప్రతి పేజీ కింద.

నిన్న వాళ్లింటికి వెళ్లి ఆమె మాటలున్న నాలుగు పేజీలు అవ్వకి చదివి వినిపించాను, రెండు రకాలుగానూ. దిద్దినది విని "గది ఎవరు మాట్లాడిన్రు?" అని అడిగింది. అసలుది వింటూ తల ఊపుతూ కూర్చుంది. ఇంకో పేజీలో ఒక చోట మాత్రం ఆపింది. అక్కడ దొర మనిషిని ఒక తిట్టు తిట్టింది. "గా తిట్టు తీసెయ్ బిడ్డా, మా మనుమరాలు సదువుతది" అంది. తీసేశాను, తీసినట్టు అక్కడ చుక్కలు పెట్టి కారణం రాశాను. సోమవారం గైడ్‌కి చూపిస్తున్నాను.