ప్లగిన్ల ఫోల్డర్‌లోంచి మాడ్యూళ్లు ఆటోమేటిక్‌గా లోడ్ అవ్వాలి: పీకేజీయుటిల్ వాడాలా, ఇంపోర్ట్‌లిబ్ వాడాలా?

గట్టుమీద (ప్రశ్న)

పైథాన్ 3.12, ఉబుంటు. ప్రాజెక్టులో "నివేదిక" అనే ప్యాకేజీ, దాని లోపల "రూపాలు" అనే సబ్‌ప్యాకేజీ ఉన్నాయి. రూపాలు ఫోల్డర్‌లో ఒక్కో ఫైల్ ఒక్కో ఔట్‌పుట్ ఫార్మాట్: పీడీఎఫ్.పీవై, ఎక్సెల్.పీవై, సీఎస్‌వీ.పీవై. కొత్త ఫైల్ అందులో పడేస్తే చాలు, మెయిన్ కోడ్ ముట్టుకోకుండా అది మెనూలోకి రావాలి.

ఇప్పుడున్న పద్ధతి: ఓఎస్.లిస్ట్‌డిర్("నివేదిక/రూపాలు")తో ఫైళ్లు తెచ్చి, చివర .పీవై తీసేసి, "నివేదిక.రూపాలు." ముందు తగిలించి __ఇంపోర్ట్__కి ఇస్తున్నాం. చుట్టూ ట్రై, ఎక్సెప్ట్ ఇంపోర్ట్‌ఎర్రర్, పాస్. ఇంతకుముందు ఇంప్.ఫైండ్_మాడ్యూల్ వాడేవాళ్లం, 3.12కి మారగానే ఇంప్ అనే మాడ్యూలే లేదంటోంది.

ఇబ్బందులు: ఎడిటర్‌లో రన్ చేస్తే మూడు ఫార్మాట్లూ వస్తాయి. క్రాన్‌లో (నిర్ణీత సమయానికి ప్రోగ్రాములు నడిపేది) ఒకసారి ఫైల్‌నాట్‌ఫౌండ్, ఫోల్డర్ దారి సరిచేశాక ఎక్సెల్ మాత్రం ఏ ఎర్రరూ లేకుండా మాయం. __ఇంపోర్ట్__ తిరిగిచ్చేదాంట్లో మా క్లాస్ కనబడదు. సీఎస్‌వీ.పీవైని విడిగా రన్ చేస్తే "పార్షియల్లీ ఇనీషియలైజ్డ్ మాడ్యూల్" అంటూ రైటర్ అనే ఆట్రిబ్యూట్ లేదంటుంది. పైథాన్‌తోనే వచ్చే పీకేజీయుటిల్, ఇంపోర్ట్‌లిబ్ మాడ్యూళ్లలో ఏది వాడడం సరైన పద్ధతి?

సెమీకోలన్

మీరు చెప్పినవి నాలుగు వేర్వేరు సమస్యలండీ, ముందు ముఖ్యమైనది చెప్తా. మాడ్యూల్ ఎక్కడుందో వెతకడం పైథాన్ పని, దాన్ని మీరు ఫోల్డర్ చదివి చేస్తున్నారు.

ముందు పైథాన్ ఎలా వెతుకుతుందో చూద్దాం. పేరు ఇవ్వగానే మొదట సిస్.మాడ్యూల్స్ అనే డిక్షనరీ చూస్తుంది. అక్కడ ఉంటే ఇంకెక్కడికీ వెళ్లదు. లేకపోతే సిస్.మెటా_పాత్‌లో ఉన్న ఫైండర్లను వరసగా అడుగుతుంది: ఇంటర్‌ప్రెటర్‌లోనే కలిసిపోయినవాటికి ఒకటి, ఫ్రోజెన్ (బైట్‌కోడ్‌గా ముందే పొదిగిన) మాడ్యూళ్లకు ఒకటి, చివర పాత్‌ఫైండర్. ఈ చివరిదే సిస్.పాత్‌లోని ఫోల్డర్లను, జిప్ ఫైళ్లను వరస తప్పకుండా తిరిగేది. సబ్‌మాడ్యూల్ అయితే సిస్.పాత్ బదులు తల్లి ప్యాకేజీ __పాత్__ చూస్తుంది. మీకు కావల్సిన కీలకం ఇదే: ఫోల్డర్ అడ్రస్ మీరు రాయక్కర్లేదు, రూపాలు.__పాత్__లో అది సిద్ధంగా ఉంది, కరెంట్ డైరెక్టరీ ఏదైనా సరే.

కాబట్టి రెండూ కావాలి: వెతకడానికి పీకేజీయుటిల్, లోడ్ చేయడానికి ఇంపోర్ట్‌లిబ్. కోడ్ ఇంతే:

ఇంపోర్ట్ ఇంపోర్ట్‌లిబ్, పీకేజీయుటిల్
ఫ్రమ్ నివేదిక ఇంపోర్ట్ రూపాలు
ఫర్ ఎమ్ ఇన్ పీకేజీయుటిల్.ఇటర్_మాడ్యూల్స్(రూపాలు.__పాత్__, రూపాలు.__నేమ్__ + "."):
    మాడ్ = ఇంపోర్ట్‌లిబ్.ఇంపోర్ట్_మాడ్యూల్(ఎమ్.నేమ్)

రెండో ఆర్గ్యుమెంట్ చివర చుక్క మరవకండి, మరిస్తే "నివేదిక.రూపాలుపీడీఎఫ్" అనే పేరు తయారవుతుంది. మొదటి ఆర్గ్యుమెంట్ లిస్ట్ లాంటిది కావాలి, ఒట్టి స్ట్రింగ్ ఇస్తే వేల్యూఎర్రర్ వస్తుంది. లిస్ట్‌డిర్‌తో __ఇనిట్__.పీవై కూడా జాబితాలోకి వచ్చి, మీరు వడకట్టకపోతే అదే ఫైల్ రెండో పేరుతో మళ్లీ రన్ అవుతుంది. ఇటర్_మాడ్యూల్స్ దాన్ని తనే వదిలేస్తుంది. .ఎస్ఓ (కంపైల్ చేసిన మాడ్యూళ్ల) ఫైళ్లనూ, జిప్ లోపల ఉన్న మాడ్యూళ్లనూ కూడా చూపిస్తుంది. మీ లిస్ట్‌డిర్ పద్ధతిలో ఇవేవీ రావు.

__ఇంపోర్ట్__("ఏ.బీ.సీ") అంటే చేతికి వచ్చేది ఏ, సీ కాదు. అందుకే మీ క్లాస్ కనబడలేదు. ఇంపోర్ట్_మాడ్యూల్ అయితే చివరిదాన్ని ఇస్తుంది. __ఇంపోర్ట్__ని నేరుగా పిలవాల్సిన అవసరం మామూలు కోడ్‌లో లేదు.

ఇంప్ సంగతి: అది 3.4 నుంచే డెప్రికేటెడ్ (ఇక వాడొద్దని హెచ్చరించినది), 3.12లో తీసేశారు. ఇంప్.ఫైండ్_మాడ్యూల్ స్థానంలో ఇంపోర్ట్‌లిబ్.యుటిల్.ఫైండ్_స్పెక్ వాడండి. దొరికితే స్పెక్ (మాడ్యూల్ వివరాలున్న ఆబ్జెక్ట్) ఇస్తుంది, దొరక్కపోతే నన్. స్పెక్.ఆరిజిన్‌లో ఫైల్ పూర్తి దారి ఉంటుంది. నెట్‌లో పాత జవాబులు చూసి పీకేజీయుటిల్.ఫైండ్_లోడర్, గెట్_లోడర్ పట్టుకోకండి, 3.12లో హెచ్చరిక ఇచ్చి 3.14లో వాటినీ తీసేశారు.

సీఎస్‌వీ.పీవై: ప్యాకేజీ లోపల ఉన్నంతసేపు ఆ పేరుతో ప్రమాదం లేదు, దాని అసలు పేరు నివేదిక.రూపాలు.సీఎస్‌వీ. కానీ ఆ ఫైల్‌ని నేరుగా రన్ చేస్తే రూపాలు ఫోల్డరే సిస్.పాత్‌లో మొదటి స్థానంలో కూర్చుంటుంది. అప్పుడు ఇంపోర్ట్ సీఎస్‌వీ అంటే స్టాండర్డ్ లైబ్రరీ దాకా వెళ్లకుండా మీ ఫైలే దొరుకుతుంది. ప్రాజెక్టు రూట్ నుంచి పైథాన్ -ఎమ్ నివేదిక.రూపాలు.సీఎస్‌వీ అని రన్ చేయండి, లేదా పేరు సీఎస్‌వీ_రూపం అని మార్చండి. నేనైతే పేరే మారుస్తాను, రేపు ఎవరో ఒకరు మళ్లీ నేరుగా రన్ చేస్తారు. 3.13 నుంచి ఎర్రర్ మెసేజ్‌లోనే "ఇది స్టాండర్డ్ లైబ్రరీ పేరు, మార్చుకోండి" అనే సూచన వస్తోంది.

పాతసర్వర్

పై జవాబుకి కొన్ని చేరుస్తాను.

ఆ ఎక్సెప్ట్ ఇంపోర్ట్‌ఎర్రర్, పాస్ ఈ రోజే తీసేయండి. ఎక్సెల్ మాయమవడానికి నూటికి తొంభై పాళ్లు అదే కారణం. ఎక్సెల్.పీవై దొరికింది, కానీ దాని లోపల ఓపెన్‌పైఎక్సెల్ (ఎక్సెల్ ఫైళ్ల కోసం విడిగా ఇన్‌స్టాల్ చేసే లైబ్రరీ) ఇంపోర్ట్ విఫలమైంది, ఆ ఎర్రర్‌ని మీ పాస్ మింగేసింది. "ఫైల్ లేదు", "ఫైల్ ఉంది కానీ అది అడిగింది లేదు" అనే రెండింటికీ పైథాన్ ఇచ్చేది ఒకే మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్. తేడా దాని .నేమ్‌లో ఉంటుంది. ఎర్రర్‌ని ఈ అనే పేరుతో పట్టుకుని ఈ.నేమ్ మీరు అడిగిన మాడ్యూలేనా చూడండి. కాకపోతే లాగ్‌లో రాసి రెయిజ్ చేయండి, లేదా "ఎక్సెల్ లేదు: ఓపెన్‌పైఎక్సెల్ ఇన్‌స్టాల్ కాలేదు" అని యూజర్‌కి చూపించండి.

సబ్‌ఫోల్డర్లు కూడా వస్తాయని పీకేజీయుటిల్.వాక్_ప్యాకేజెస్‌కి మారేవాళ్లకి ఒక హెచ్చరిక. ఇటర్_మాడ్యూల్స్ పేర్లు మాత్రమే చెబుతుంది, ఏదీ రన్ చేయదు. వాక్_ప్యాకేజెస్ లోపలికి దిగడానికి దారిలో ప్రతి ప్యాకేజీని ఇంపోర్ట్ చేస్తుంది, అంటే వాటి __ఇనిట్__ కోడ్ రన్ అవుతుంది. ఆర్గ్యుమెంట్లు లేకుండా పిలిస్తే సిస్.పాత్ మొత్తం మీద ఇదే చేస్తుంది. ఏ __ఇనిట్__లో ఏముందో ఎవరికి తెలుసు. పైగా ఆన్‌ఎర్రర్ అనే ఆర్గ్యుమెంట్ ఇవ్వకపోతే ఇంపోర్ట్‌ఎర్రర్లను చప్పుడు చేయకుండా వదిలేస్తుంది, మిగతా ఎర్రర్లను మాత్రం బయటికి విసురుతుంది. ఆన్‌ఎర్రర్‌కి ఒక ఫంక్షన్ ఇవ్వండి, దానికి ప్యాకేజీ పేరు అందుతుంది.

__ఇనిట్__.పీవై లేని ఫోల్డర్ కూడా ఇంపోర్ట్ అవుతుంది కదా అనే ధైర్యంతో దాన్ని తీసేసేవాళ్లున్నారు. అవుతుంది, 3.3లో పెప్ 420 (పైథాన్ మార్పుల ప్రతిపాదన)తో వచ్చిన నేమ్‌స్పేస్ ప్యాకేజీ అది. కానీ అలాంటి సబ్‌ఫోల్డర్‌ని ఇటర్_మాడ్యూల్స్ ప్యాకేజీగా లెక్కపెట్టదు, దాటేస్తుంది. చేత్తో ఇంపోర్ట్ చేస్తే వస్తుంది, ఆటోమేటిక్ వెతుకులాటలో రాదు. అందుకని ఖాళీదైనా సరే __ఇనిట్__.పీవై పెట్టండి. ఇంకో తేడా: సిస్.పాత్‌లో వెనకెక్కడో అదే పేరుతో __ఇనిట్__ ఉన్న ప్యాకేజీ ఉంటే, ముందున్న ఒట్టి ఫోల్డర్‌ని పక్కనపెట్టి దాన్నే తీసుకుంటుంది.

ప్రోగ్రామ్ నడుస్తుండగానే కొత్త ఫైల్ రాసి వెంటనే ఇంపోర్ట్ చేసేవాళ్లు ముందు ఇంపోర్ట్‌లిబ్.ఇన్‌వాలిడేట్_క్యాషెస్() పిలవాలి. ఫోల్డర్‌లో ఏముందో ఫైండర్ గుర్తుపెట్టుకుంటుంది, ఫోల్డర్ మారిన సమయం చూసి మాత్రమే మళ్లీ చదువుతుంది. రెండు మార్పులు ఆ సమయం తేడా తెలియనంత దగ్గరగా జరిగితే కొత్త ఫైల్ దానికి కనబడదు. టెస్టుల్లో "ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్" అయ్యే కేసుల్లో ఇదొకటి.

క్రాన్‌బాబాయ్

క్రాన్ సంగతి నేను చెప్తా. అక్కడ కరెంట్ డైరెక్టరీ యూజర్ హోమ్, పాత్‌లో మామూలుగా /యుఎస్ఆర్/బిన్, /బిన్ మాత్రమే. అంటే పైథాన్3 అని రాస్తే సిస్టమ్ పైథాన్ నడుస్తుంది, మీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్రాజెక్టు కోసం విడిగా పెట్టుకున్న పైథాన్) కాదు. ఓపెన్‌పైఎక్సెల్ మీరు పిప్‌తో ఎక్కించింది వేరే ఇంట్లో.

ఊహించకుండా అడగండి. ఈ ఒక్క లైన్ క్రాన్‌లో పెట్టి ఔట్‌పుట్ ఫైల్‌లోకి మళ్లించండి:

పైథాన్3 -సి "ఇంపోర్ట్ సిస్; ప్రింట్(సిస్.ఎగ్జిక్యూటబుల్, సిస్.పాత్)"

అదే లైన్ టెర్మినల్‌లో కూడా రన్ చేసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పైథాన్ -ఎమ్ సైట్ కూడా సిస్.పాత్‌ని చక్కగా వరసలో చూపిస్తుంది. తర్వాత క్రాన్‌లో యాక్టివేట్ జోలికి పోకుండా .వీఈఎన్‌వీ/బిన్/పైథాన్ పూర్తి దారి రాయండి, అది చాలు. -ఎమ్ వాడుతుంటే ముందు ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి సీడీ చేయాలి, ఎందుకంటే -ఎమ్ కరెంట్ డైరెక్టరీనే సిస్.పాత్‌లో మొదట పెడుతుంది. పిప్ ఇన్‌స్టాల్ -ఈ . (మీ ప్రాజెక్టు ఫోల్డర్‌నే ప్యాకేజీగా ఇన్‌స్టాల్ చేయడం) ఒకసారి చేసేస్తే ఆ గొడవా లేదు. క్రాన్‌ట్యాబ్ లైన్‌లో % గుర్తు ఉంటే ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి, లేకపోతే క్రాన్ దాన్ని కొత్త లైన్ అనుకుంటుంది. తేదీతో లాగ్ పేరు పెట్టేవాళ్లు ఇక్కడే పడతారు.

పైథాన్‌పాత్ వేరియబుల్ సెట్ చేయమని ఎవరైనా చెబితే వద్దు. ఆ సెట్టింగ్ అందే మిగతా పైథాన్ ప్రోగ్రాములన్నిటికీ అది అంటుకుంటుంది.

గట్టుమీద

పాస్ తీసేయగానే ఎర్రర్ బయటపడింది. ఓపెన్‌పైఎక్సెలే, క్రాన్ సిస్టమ్ పైథాన్‌ని వాడుతోంది. ఇటర్_మాడ్యూల్స్‌తో మూడూ వస్తున్నాయి, థాంక్స్. ఇంకొకటి: వేరే టీమ్ వాళ్లు తమ ఫార్మాట్‌ని తమ సొంత పిప్ ప్యాకేజీలో ఇవ్వాలనుకుంటున్నారు. వాళ్ల ఫైల్ మా ఫోల్డర్‌లో ఉండదు. అప్పుడు?

సెమీకోలన్

దానికి ఎంట్రీ పాయింట్లు, అంటే ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీ తన ప్లగిన్లేవో ప్రకటించే పద్ధతి. వాళ్ల పైప్రాజెక్ట్.టామల్ (ప్యాకేజీ సెట్టింగుల ఫైల్)లో ఇలా రాయాలి:

[ప్రాజెక్ట్.ఎంట్రీ-పాయింట్స్."నివేదిక.రూపాలు"]
ఓడీఎస్ = "వాళ్ల_ప్యాకేజీ.ఓడీఎస్:రూపం"

మీవైపు ఇంపోర్ట్‌లిబ్.మెటాడేటా.ఎంట్రీ_పాయింట్స్(గ్రూప్="నివేదిక.రూపాలు") మీద లూప్ తిప్పండి. ఒక్కోదానికి .నేమ్ ఉంటుంది, .డిస్ట్.నేమ్‌లో ఏ ప్యాకేజీ నుంచి వచ్చిందో ఉంటుంది. .లోడ్() పిలిచేదాకా ఏ కోడూ రన్ కాదు. అందుకని మెనూకి పేర్లు మాత్రం తీసుకుని, యూజర్ ఎంచుకున్నప్పుడే లోడ్ చేయండి. పది ప్లగిన్లున్నా ప్రోగ్రామ్ మొదలవడం ఆలస్యం కాదు. ఇద్దరు ఒకే పేరు పెడితే ఎవరిది తీసుకోవాలో మీరే నిర్ణయించాలి. నేనైతే పోటీ వస్తే ఆపేసి రెండు ప్యాకేజీల పేర్లూ చూపిస్తా.

గ్రూప్= అనే ఆర్గ్యుమెంట్ 3.10 నుంచి ఉంది. అంతకుముందు డిక్షనరీ ఇచ్చేది, 3.12లో ఆ పాత రూపం పూర్తిగా పోయింది. పీకేజీ_రిసోర్సెస్‌తో ఇదే పని చేసే పాత ఉదాహరణలు కనబడతాయి, వాడకండి. అది సెటప్‌టూల్స్‌తో వచ్చేది, 3.12 నుంచి కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో సెటప్‌టూల్స్ దానంతట అది రాదు.

అందరూ తడబడేది ఒకచోట: టామల్‌లో ఎంట్రీ పాయింట్ మార్చాక మళ్లీ పిప్ ఇన్‌స్టాల్ చేయాలి, -ఈ తో పెట్టినా సరే. పైథాన్ చదివేది టామల్‌ని కాదు, ఇన్‌స్టాల్ అప్పుడు డిస్ట్-ఇన్ఫో ఫోల్డర్‌లో రాసిన ఎంట్రీ_పాయింట్స్.టీఎక్స్‌టీని.

మీ సొంత మూడు ఫార్మాట్లనూ ఇదే గ్రూప్‌లో రిజిస్టర్ చేయొచ్చు, అప్పుడు రెండు దారులు మెయింటెయిన్ చేయక్కర్లేదు. ఫైల్ పడేస్తే చాలు అనే సౌకర్యం మాత్రం పోతుంది.

అరసున్న

ఒక చిన్న విషయం. ఫైళ్ల పేర్లు నిజంగానే తెలుగు లిపిలో పెడుతుంటే పైథాన్ 3 ఒప్పుకుంటుంది. నివేదిక, రూపాలు రెండూ చెల్లే పేర్లే, ఒత్తులూ గుణింతాలూ సమస్య కాదు. కానీ "రిపోర్ట్‌లు" లాంటి పేరు టైప్ చేస్తే చాలా కీబోర్డుల్లో ట్ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్-జాయినర్ పడుతుంది. అది ఐడెంటిఫయర్‌లో చెల్లదు, ఇంపోర్ట్ స్టేట్‌మెంట్ రాస్తే సింటాక్స్‌ఎర్రర్. తమాషా ఏంటంటే ఇటర్_మాడ్యూల్స్ ఆ ఫైల్‌ని చూపిస్తుంది, ఇంపోర్ట్_మాడ్యూల్ లోడ్ కూడా చేస్తుంది, వాటికి పేరు ఒట్టి స్ట్రింగే కాబట్టి. ఆటోమేటిక్‌గా వచ్చేది చేత్తో రాస్తే రాకపోతే ముందు ఇది అనుమానించండి. లోడ్ చేసేముందు పేరులో ఒక్కో ముక్కకీ .ఈజ్‌ఐడెంటిఫయర్() చూసేస్తే తేలిపోతుంది.

గిట్ స్టేటస్‌లో ఆ పేర్లు \340\260 అంటూ అంకెల్లో కనబడితే గిట్ కాన్ఫిగ్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్ అని పెట్టుకోండి.