సెల్ఫ్ తిరగట్లేదు, పిచ్చెక్కుతోంది. తెలిసినవాళ్ళు చెప్పండి

కృష్ణలంక కుర్రాడు:
పొద్దున ఏడింటి నుంచి బండి కిందే ఉన్నాను. ఇప్పుడు రెండున్నర, అన్నం కూడా తినలేదు. కీ తిప్పితే మీటర్లో లైట్లన్నీ వెలుగుతాయి, పెట్రోల్ పంపు జుయ్యిమంటుంది, సెల్ఫ్ మాత్రం టిక్ అని కూడా అనదు. బ్యాటరీ కొత్తది. సెల్ఫ్ మోటార్ విప్పి ఎలక్ట్రీషియన్ దగ్గరికి మోసుకెళ్తే బల్ల మీద పెట్టి కరెంటిచ్చాడు, గిర్రున తిరిగింది. ఫ్యూజులు చూశాను. ఎర్త్ వైరు గీకి మళ్ళీ బిగించాను. ఇంకేం మిగిలిందో అర్థం కావట్లేదు. తోస్తే మాత్రం స్టార్టవుతోంది. రేపు సాయంత్రం అక్కావాళ్ళని స్టేషన్ నుంచి తీసుకురావాలి. కాస్త త్వరగా చెప్పండి.

గ్రీజు చేతులు:
ఏ బండి?

పాలమూరు డ్రైవర్:
ఇగ్నిషన్ స్విచ్ వెనక కాంటాక్టులు అరిగి ఉంటాయి తమ్ముడూ. మా వ్యాన్‌కి గట్లనే అయింది. తాళం కొంచెం వెనక్కి లాగి పట్టుకొని తిప్పి చూడు.

కృష్ణలంక కుర్రాడు:
చూశా అన్నా, లాభం లేదు. బండి హోండా సిటీ, పాత షేపు. 2001 మోడల్, 1.5 ఈఎక్స్ఐ ఆటోమేటిక్.

బీమా బాబాయ్:
బాబూ, 2001 బండి అంటున్నావు. పదిహేనేళ్ళు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించావా? అయిదేళ్ళకోసారి చేయించాలి. చాలామంది దీన్ని పట్టించుకోరు. ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగే మొదటి కాగితం అదే.

కృష్ణలంక కుర్రాడు:
అంకుల్, ముందు సెల్ఫ్ తిరగనివ్వండి.

గ్రీజు చేతులు:
ఆటోమేటిక్ తోస్తే స్టార్ట్ కాదు. ఏదో దాస్తున్నావు.

కృష్ణలంక కుర్రాడు:
దాచడమేముంది అన్నా, ఇప్పుడు అది ఆటోమేటిక్ కాదు. పోయిన వారం ఆటోని మాన్యువల్ చేయించాను. దానికీ సెల్ఫ్‌కీ సంబంధం ఉండదనుకుని ఆ సంగతి చెప్పలేదు. పాత గేర్ బాక్స్ మూడో గేర్లో జారిపోయేది, రిపేరుకి లక్ష దాకా చెప్పారు. చెన్నై పుదుపేటలో సిటీ మాన్యువల్ బాక్స్ సెకండ్ హ్యాండ్‌ది దొరికింది. ఆటోనగర్లో ఒకతను బిగించాడు. బిగించిన రోజు తోసే స్టార్ట్ చేశాడు. బ్యాటరీ డౌన్ అన్నాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు.

పదాల పట్టింపు:
ఆటోని మాన్యువల్ చేయించారా? మూడు చక్రాలదానికి ఎప్పుడూ మాన్యువలే కదండీ! ఆటోమేటిక్ అని పూర్తిగా రాస్తే ఏం పోయింది? పైగా ఆటోనగర్ కూడా. మొదటిసారి చదివినప్పుడు మీరు ఆటో తోలతారనుకున్నాను.

పాలమూరు డ్రైవర్:
😂 నేను గూడ గట్లనే అనుకున్న.

గ్రీజు చేతులు:
ఇన్‌హిబిటర్ స్విచ్. రెండు వైర్లు కలుపు.

కృష్ణలంక కుర్రాడు:
ఏ స్విచ్ అన్నా? ఎక్కడుంటుంది? ఏ రెండు వైర్లు?

డాలస్ నుంచి:
బ్రదర్, నేను చెప్తాను. ఇక్కడ నా 1998 సివిక్‌ని ఇలాగే మార్చాను కాబట్టి ఈ తలనొప్పి నాకు బాగా తెలుసు. ఆటోమేటిక్ బండిలో లీవర్ పీ (పార్క్)లోనో ఎన్ (న్యూట్రల్)లోనో ఉంటేనే సెల్ఫ్‌కి కరెంటు వెళ్తుంది. డీ (డ్రైవ్)లో ఉండగా ఎవరైనా కీ తిప్పితే బండి ఎగిరి గోడెక్కుతుంది కదా, అందుకని ఆ జాగ్రత్త. అది చూసుకునే స్విచ్ పాత గేర్ బాక్స్‌తోనే ఉంటుంది. మీ మెకానిక్ పాత బాక్స్ దించినప్పుడు స్విచ్ కూడా దాంతోపాటే పోయింది. దాని వైర్ల కప్లర్ ఇప్పుడు బ్యాటరీ ట్రే కింద ఎక్కడో గాల్లో వేలాడుతూ ఉంటుంది. కరెంటు అక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది. మీరు సెల్ఫ్ మార్చినా, బ్యాటరీ మార్చినా ఏం ఉపయోగం?

నాకు ఇంకో గోల కూడా అయింది. తాళం బయటికి రాలేదు. లీవర్ పీలో ఉంటే తప్ప తాళం వదలకుండా ఇక్కడి బళ్ళకి ఒక లాక్ ఉంటుంది. రెండు రోజులు తాళం బండికే వదిలేసి, ఎవరెత్తుకుపోతారోనని భయం భయంగా నిద్రపోయాను. మీటర్లో గేరు చూపించే డీ4 లైటు నెలరోజులు మిణుకు మిణుకుమంటూనే ఉంది, ఆటోమేటిక్ ఈసీయూ, అంటే బండి కంప్యూటర్, తన గేర్ బాక్స్ కోసం వెతుక్కుంటోందన్నమాట. మాన్యువల్ ఈసీయూ వేశాక ఆగింది.

టార్క్ మాస్టారు:
ఆటోమేటిక్ తోస్తే ఎందుకు స్టార్ట్ కాదో చెప్తే పిల్లలకి ఉపయోగం. లోపలి క్లచ్‌లు ఆయిల్ ప్రెషర్‌తో పట్టుకుంటాయి. ఆ ప్రెషర్ ఇచ్చే పంపును ఇంజనే తిప్పుతుంది. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది, పంపు ఆగితే క్లచ్‌లు పట్టవు, పట్టకపోతే చక్రాలు తిరిగినా ఇంజన్ తిరగదు. ఇంజన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్‌లో ఉండేదీ ఆయిలే. అందుకే గ్రీజు చేతులు గారు ఒక్క ముక్కతో పట్టేశారు. కానీ ఆయన దాన్ని ఇన్‌హిబిటర్ అనడం సరికాదు, అది న్యూట్రల్ సేఫ్టీ స్విచ్.

డాలస్ నుంచి:
హోండా సర్వీస్ పుస్తకంలో గేర్ పొజిషన్ స్విచ్ అని ఉంటుంది మాస్టారూ.

టార్క్ మాస్టారు:
గేర్ పొజిషన్ అంటే మీటర్లో ఏ గేరో చూపించేది. సెల్ఫ్‌ని ఆపే పని సేఫ్టీది.

డాలస్ నుంచి:
రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి సార్. అందుకే అందరూ తలో పేరూ పెడతారు.

గ్రీజు చేతులు:
పేరు తర్వాత. కుర్రాడికి స్టేషనుంది.

కృష్ణలంక కుర్రాడు:
కప్లర్ దొరికింది! నల్ల టేపు చుట్టి పైపు వెనక దోపాడు. కానీ లోపల చాలా వైర్లున్నాయి. ఏవి కలపాలి? తప్పు వైర్లు కలిపితే ఏమైనా కాలిపోతుందా?

డాలస్ నుంచి:
కాలిపోవచ్చు, గుడ్డిగా కలపొద్దు. రంగులు బట్టి చెప్పను, ఇక్కడి బళ్ళకీ అక్కడి బళ్ళకీ తేడా ఉండొచ్చు. మల్టీమీటరు తీసుకోండి, లేదంటే టెస్టర్ బల్బు. ఒకరిని లోపల కూర్చోబెట్టి కీని స్టార్ట్ దాకా తిప్పి పట్టుకోమనండి. అలా పట్టుకున్నప్పుడు మాత్రమే 12 వోల్టులు వచ్చి, వదలగానే పోయే పిన్ను ఒకటుంటుంది. అది తాళం వైపు నుంచి వచ్చేది. తర్వాత బ్యాటరీ మైనస్ తీసేసి, సెల్ఫ్ మీదున్న సన్న వైరు పీకి, ఆ వైరుకీ కప్లర్లోని ఏ పిన్నుకీ లింకుందో బీప్ పెట్టి చూడండి. అది రెండోది. ఆ రెండూ కలపాలి. చేత్తో మెలేసి టేపు చుట్టడం కాదు, సోల్డర్ చేసి స్లీవ్ ఎక్కించండి.

గ్రీజు చేతులు:
కలిపాక గేర్లో ఉన్నా సెల్ఫ్ కొడుతుంది. న్యూట్రల్ చూసుకో.

టార్క్ మాస్టారు:
వైరు కలపడం తాత్కాలికమే. క్లచ్ పెడల్ దగ్గర ఒక స్విచ్ పెట్టి దాని గుండా ఇవ్వాలి. అప్పుడు క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ తిరుగుతుంది.

బీమా బాబాయ్:
మీరందరూ వైర్ల మీద పడ్డారు. అసలు సంగతి ఎవరూ చెప్పడంలేదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదవండి. తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మార్పు చేస్తే పద్నాలుగు రోజుల్లో రిజిస్టరింగ్ అథారిటీకి చెప్పాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనిమీద గట్టిగానే చెప్పింది. పోయిన వారం చేయించానన్నావు కదా, రోజులు లెక్కపెట్టుకో.

పదాల పట్టింపు:
ఆర్సీలో గేర్ బాక్స్ ఏదో రాసి ఉంటుందా బాబాయ్? నా ఆర్సీలో రంగు, ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్, సీసీ, సీట్లు కనిపించాయి.

బీమా బాబాయ్:
రాసి లేకపోయినా పాలసీలో ఆటోమేటిక్ వేరియంట్ అని ఉంటుంది నాయనా. రేపు క్లెయిమ్‌కి వెళ్తే సర్వేయర్ మూడు పెడళ్ళు చూసి ఏమంటాడు? నేను ముప్పై ఏళ్ళు అదే పని చేశాను. ఒక్క ఉత్తరం రాసి ఎండార్స్‌మెంట్, అంటే పాలసీలో ఆ మార్పు రాయమని, అడిగితే పోయేదానికి...

పాలమూరు డ్రైవర్:
నాకొకటి సమజ్ కావట్లే. ట్రాఫిక్ల ఎడమ కాలు నొయ్యకుండ ఉండాలని అందరు ఆటోమేటిక్ కొంటుంటే ఈ తమ్ముడు ఉల్టా ఎందుకు పోయిండు?

కృష్ణలంక కుర్రాడు:
నాన్న బండి అన్నా. అమ్మడం ఇష్టం లేదు. అంతే.

(రాత్రి 9.40)

కృష్ణలంక కుర్రాడు:
తిరిగింది!! డాలస్ అన్న చెప్పినట్టే చేశాను, రెండో పిన్ను వెతకడానికే గంట పట్టింది. కానీ ఒక తప్పు చేశాను. గ్రీజు అన్న చెప్పినా మర్చిపోయి ఫస్ట్ గేర్లో ఉండగా కీ తిప్పాను. బండి ఒక్క గెంతు గెంతి తులసి కోట ముందు ఆగింది. జానెడు ఖాళీ ఉంది. అమ్మ ఇంకా తిడుతూనే ఉంది.

ఇంకో చిన్న డౌటు. రివర్స్ లైట్ వెలగట్లేదు, బల్బులు బాగానే ఉన్నాయి.

డాలస్ నుంచి:
రివర్స్ లైటు కూడా ఆ పాత స్విచ్ గుండానే వెళ్ళేది. మాన్యువల్ బాక్స్‌కి సొంత రివర్స్ స్విచ్ ఉంటుంది, రెండు పిన్నులది. కప్లర్లో రివర్స్‌కి సంబంధించిన రెండు వైర్లూ దానికి లాగాలి. తొందరేం లేదు, కానీ వదిలెయ్యొద్దు.

గ్రీజు చేతులు:
ఇంకా పీ లేదని గుర్తుంచుకో. హ్యాండ్ బ్రేక్ వెయ్యి. ఫ్లైవీల్ బోల్టులు ఏవి వేశాడు?

కృష్ణలంక కుర్రాడు:
ఏవి అంటే? పాతవే వేసుంటాడు.

గ్రీజు చేతులు:
ఆటోమేటిక్‌లో ఫ్లైవీల్ చక్రం బదులు ఉండేది పల్చటి రేకు ప్లేటు, దాని బోల్టులు పొట్టివి. ఫ్లైవీల్ మందం. అవే వేస్తే మర పట్టేది కొంచెమే. అడుగు.

టార్క్ మాస్టారు:
ఫ్లైవీల్ మధ్యలో పైలట్ బేరింగ్ కొత్తది వేశాడో లేదో కూడా అడగండి. గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కొసకి అదే ఆసరా. నేను 1994లో ఒక జీపుకి ఇది వెయ్యడం మర్చిపోయి...

పదాల పట్టింపు:
మాస్టారూ, జీపు కథ వేరే చర్చగా పెట్టండి, అందరం చదువుతాం.

కృష్ణలంక కుర్రాడు:
అక్కావాళ్ళ రైలు రెండు గంటలు లేటంట. స్టేషన్ దగ్గరే ఉన్నా, సెల్ఫ్ ఒక్క కీకే కొడుతోంది. ఐడిల్లో సన్నగా టక టక అంటోంది, క్లచ్ తొక్కితే పోతోంది. తర్వాత చూస్తా. థాంక్స్ అందరికీ.

గ్రీజు చేతులు:
బోల్టులు అడిగావా?

తెనాలి టయోటా:
అన్నా, నాది కూడా పాత సిటీ ఆటోమేటిక్. బాక్స్, క్లచ్ సెట్, పెడల్, సిలిండర్లు, కూలీ అన్నీ కలిపి ఎంతయింది?

తెనాలి టయోటా:
అన్నా?