జార్జియా: పౌరసత్వం వచ్చినా ఓటరు నమోదు ఆగిపోయింది

ప్రశ్న: అట్లాంటాకు ఉత్తరాన ఉంటున్నాం. నాకూ మా అమ్మగారికీ ఈ వేసవిలోనే అమెరికా పౌరసత్వం వచ్చింది. అమ్మకు ఓటరు కార్డు వచ్చింది కానీ, నాకు మాత్రం పౌరసత్వం నిర్ధారణ కాలేదంటూ ఉత్తరం వచ్చింది. నా ఓటు పోయినట్టేనా? పౌరసత్వ ఇంటర్వ్యూ తెలుగులోనే ఇచ్చిన అమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు; ఓటు వేసేటప్పుడు ఆమె వెంట నేను పోలింగు కేంద్రం లోపలికి వెళ్లవచ్చా?

జవాబు: పోలేదండీ. మీ డ్రైవింగ్ లైసెన్సు గ్రీన్‌కార్డు రోజుల్లో తీసుకున్నదైతే, ఆ రికార్డులో మీరింకా విదేశీయులుగానే ఉండి ఉంటారు. నమోదు దరఖాస్తును దానితో సరిచూసినప్పుడు ఇలా తేడా వస్తుంది. పౌరసత్వ సర్టిఫికెట్ చూపించి ముందు లైసెన్సు రికార్డు మార్పించుకోండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉన్నా అప్పుడే సరిచేయించుకోండి. పోలింగు రోజున సర్టిఫికెట్ గానీ అమెరికా పాస్‌పోర్టు గానీ వెంట ఉండాలి.

ఇది మనవాళ్ల బాధ మాత్రమే కాదు. 2018లో ఈ రాష్ట్రంలో ఇలాంటి సరిచూపుల దగ్గరే దాదాపు 53,000 దరఖాస్తులు ఆగిపోగా, వాటిలో 70 శాతం దాకా నల్లజాతివారివేనని పత్రికలు బయటపెట్టాయి. ఓటు హక్కు కోసం ఊరేగుతూ అలబామాలోని సెల్మా వంతెన మీద పోలీసుల దెబ్బలు తిన్న నల్లజాతివారి పోరాటంతో వచ్చిన 1965 ఓటు హక్కుల చట్టం కింద, జార్జియా వంటి రాష్ట్రాలు ఎన్నికల నియమం ఏది మార్చాలన్నా కేంద్ర ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోవలసి ఉండేది. 2013లో షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఆ కాపలా తొలగింది కాబట్టి, మన కాగితాలను మనమే కనిపెట్టుకోవాలి.

అమ్మగారి వెంట నిశ్చింతగా వెళ్లండి. చదవడం రాదన్న సాకుతో నల్లజాతివారిని వెనక్కి పంపిన పరీక్షలను ఆపించింది ఆ చట్టమే. చదవలేని ఓటరు తనకు నచ్చిన వ్యక్తి సాయం తీసుకోవచ్చన్న 208వ సెక్షన్‌ను 1982లో అందులో చేర్చారు. యజమాని, యూనియన్ ప్రతినిధి మాత్రం ఆ సాయం చేయకూడదు.

ప్రశ్న: అప్పటికీ జాబితాలో నా పేరు లేదంటే?

జవాబు: ఓటు వేయకుండా వెనుదిరగవద్దు. 2002 నాటి కేంద్ర చట్టం ప్రకారం తాత్కాలిక బ్యాలెట్ (అర్హత తేలాకే లెక్కించే ఓటు) అడిగి, పోలింగు తర్వాత మూడు రోజుల్లోగా కౌంటీ ఎన్నికల కార్యాలయంలో పత్రాలు చూపండి. అయితే మీకు కేటాయించిన కేంద్రానికే వెళ్లండి. 2021 నాటి రాష్ట్ర చట్టం వచ్చాక, వేరే కేంద్రంలో సాయంత్రం 5 గంటల లోపు వేసిన తాత్కాలిక బ్యాలెట్‌ను లెక్కలోకి తీసుకోరు.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలండీ. లైసెన్సు తీసి చూశాను, మీరన్నట్టు అది గ్రీన్‌కార్డు నాటిదే. సోమవారం వెళ్లి మార్పించుకుంటాను.