ప్రామిస్‌కీ ఫాంటసీ ల్యాండ్‌కీ పొంతన ఎలా కుదర్చాలి?

జావాస్క్రిప్ట్‌లో రాసిన అసింక్ కోడ్‌ని (ఫలితం తర్వాతెప్పుడో వచ్చేదాన్ని) ఫంక్షనల్ పద్ధతిలోకి మారుద్దామని ఒకపక్క ప్రామిసెస్ ఏ ప్లస్ (ప్రామిస్, అంటే రాబోయే ఫలితాన్ని పట్టుకునే ఆబ్జెక్ట్, ఎలా నడవాలో చెప్పే ప్రమాణం), ఇంకోపక్క ఫాంటసీ ల్యాండ్ (ఫంక్షనల్ తరహా మెథడ్లకి ఉమ్మడి నియమాలు పెట్టే) స్పెసిఫికేషన్ పెట్టుకుని చదువుతున్నాను. మొదటిదాంట్లో ఉన్నదల్లా ఒక్క దెన్ మెథడ్. రెండోదాంట్లో మ్యాప్ (లోపలి విలువని మార్చేది), చైన్ (అలాంటి ఇంకో ఆబ్జెక్ట్‌నిచ్చే ఫంక్షన్‌ని కలిపేది), ఆఫ్ (విలువని లోపల పెట్టేది) విడివిడిగా, పాటించాల్సిన నియమాలతో సహా ఉన్నాయి. దెన్‌కిచ్చిన ఫంక్షన్ మామూలు విలువ ఇస్తే మ్యాప్‌లా, ప్రామిస్ ఇస్తే చైన్‌లా నడుస్తుంది.

నిన్నటిదాకా ఇది సుఖమే అనుకున్నాను. ఫారం తనిఖీకి నేను రాసుకున్న ఒక ఆబ్జెక్ట్‌లో, నియమాల్ని వరసగా కలపడానికి "దెన్" అనే మెథడ్ పెట్టాను. దాన్ని అసింక్ ఫంక్షన్ నుంచి రిటర్న్ చేస్తే ఫలితం కోసం ఆగే అవెయిట్ దగ్గరే ఆగిపోయింది. ఎర్రర్ కూడా లేదు. రెండు గంటలు నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తూ కూర్చున్నా! తీరా చూస్తే, దెన్ ఉంది కదా అని జావాస్క్రిప్ట్ నా ఆబ్జెక్ట్‌నే ప్రామిస్ అనుకుని నా దెన్‌ని పిలిచేసి, అది ఎప్పటికీ ఇవ్వని జవాబు కోసం ఆగిపోయింది. పేరు మార్చాక సరిపోయింది.

నా సందేహం ఇది. ప్రామిస్‌లో ఇంకో ప్రామిస్ నిలవదు, వెంటనే విప్పేస్తుంది. కాబట్టి మోనాడ్ నియమాలు (చైన్, ఆఫ్ కలిసి పాటించాల్సినవి) అన్ని విలువలకీ నిలవవు. నాకర్థమైంది సరైనదేనా?

పోనీ ఫ్లూచర్‌కి (ఫాంటసీ ల్యాండ్ నియమాల్ని పాటించే జావాస్క్రిప్ట్ లైబ్రరీకి) మారదామంటే, అది ఫోర్క్ చేసేదాకా, అంటే మనం నడపమనేదాకా, పని మొదలుపెట్టదు. ఆ పద్ధతి నాకు నచ్చింది కూడా. కానీ నెట్‌వర్క్ నుంచి డేటా తెచ్చే ఫెచ్ ఇచ్చేది ప్రామిస్, అవెయిట్‌కి తెలిసింది దెన్ ఒక్కటే. లోపలంతా ఫ్లూచర్, అంచుల్లో మాత్రం ప్రామిస్ అని పెట్టుకుని పెద్ద ప్రాజెక్ట్ నడిపినవాళ్లున్నారా? ఎర్రర్లు ఎక్కడ పట్టుకున్నారో చెబితే చాలు.