తరగతి ఒప్పందంలో "బాధ్యత నెరవేర్చకపోతే హక్కు ఉండదు" అని రాయొచ్చా?

క్లాస్ టీచర్:
ఎనిమిదో తరగతి పిల్లలతో కలిసి హక్కులు, బాధ్యతల ఒప్పందం రాస్తున్నాం. ఎడమవైపు హక్కు, కుడివైపు దానికి జతగా బాధ్యత పెట్టాం. అడుగున "బాధ్యత నెరవేర్చనివారికి ఆ హక్కు వర్తించదు" అని చేర్చమని తోటి టీచర్లు అంటున్నారు. పిల్లలేమో "ఇదీ రూల్స్ లిస్టే కదా టీచర్" అంటున్నారు. ఎక్కడ సరిచేయాలి?

నల్లబల్ల:
ముందు ఆ వాక్యం తీసేయండి మేడమ్. బుద్ధిగా ఉంటే ఇచ్చే బహుమతి కాదు హక్కంటే. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 28వ అధికరణం, బడిలో క్రమశిక్షణ పిల్లల గౌరవానికి భంగం కలగని రీతిలో ఉండాలంటుంది. 31వది ఆటను, విశ్రాంతిని హక్కుగా చెబుతుంది. "హోంవర్క్ చేస్తేనే" అన్న షరతు అందులో లేదు. ఆ వాక్యం ఉందంటే, హోంవర్క్ తేలేదని ఆటల పీరియడ్ ఆపేసేవాళ్లకు మీరే రాతపూర్వకంగా అనుమతి ఇచ్చినట్టు.

జత కట్టిన తీరులోనూ చిక్కుంది. పిల్లవాడి హక్కుకు మొదటి జవాబుదారీ పెద్దవాళ్లది. అతని బాధ్యత తోటిపిల్లల హక్కుల పట్ల. అందుకే మూడు గడులు గీయండి: హక్కు, పిల్లలు చేసేది, టీచర్ చేసేది. "నా మాట వినాలి" అన్న హక్కుకు ఎదురుగా పిల్లల గడిలో "ఒకరు చెప్పడం పూర్తయ్యేదాకా అడ్డు రాము" అని, టీచర్ గడిలో "తప్పు జవాబు చెప్పినవాళ్లను చూసి నవ్వను, ఎవరినీ నవ్వనివ్వను" అని రాయండి. మూడో గడి లేకపోతే పిల్లలన్నది నిజమే.

సాయంకాలం బెల్:
పై మాటతో ఏకీభవిస్తాను. రాయించే పద్ధతి గురించి ఒకటి రెండు విషయాలు. నేరుగా చర్చ పెడితే ఎప్పుడూ మాట్లాడే నలుగురైదుగురే మొత్తం రాసేస్తారు. మొదట పేరు లేని చీటీల మీద "ఈ తరగతిలో నాకు ఎప్పుడు చిన్నతనంగా అనిపిస్తుంది?" అని రాయించండి. చీటీలు మీరే చదవండి, చేతిరాత పిల్లలు ఇట్టే గుర్తుపడతారు. తర్వాత నలుగురేసి జట్లుగా వాక్యాలు రాయాలి. చివరికి 5 నుంచి 7 మిగిలితే చాలు. "గౌరవంగా మెలుగుతాం" లాంటివి పనికిరావు, ఎవరి అర్థం వారిది. "అడగకుండా ఇంకొకరి బ్యాగు తెరవం" అన్నట్టు, చేశారో లేదో కంటికి కనిపించేలా ఉండాలి.

క్లాస్ టీచర్:
చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలండీ. మరి ఎవరైనా మీరితే? లీడర్ చేత బోర్డు మీద పేర్లు రాయించొచ్చా?

కౌన్సెలర్:
వద్దండీ. పేరు బోర్డెక్కిన పిల్లవాడు చేసిన పనిని మరిచిపోయి, లీడర్ మీద కోపం పెంచుకుంటాడు. లీడర్ కూడా స్నేహితుల పేర్లు వదిలేయడం మొదలుపెడతాడు. మీరే విడిగా పిలిచి మూడే అడగండి: ఏం జరిగింది, దానివల్ల ఎవరికి ఇబ్బంది కలిగింది, సరిచేయడానికి నువ్వేం చేయగలవు? "ఎందుకు చేశావ్?" అని మొదలుపెడితే సాకులే వస్తాయి. అందరి ముందు బలవంతాన చెప్పించిన "సారీ" వల్ల, అది విన్న పిల్లవాడికీ ఊరట ఉండదు.

ఒక్క జాగ్రత్త. ఒకరినే పదేపదే ఏడిపిస్తుంటే అది ఇద్దరి మధ్య తగాదా కాదు. ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయకండి, దెబ్బతిన్న పిల్లవాడు భయంతో "పర్లేదు" అనేస్తాడు. ముందు అతనితో ఒంటరిగా మాట్లాడి, వేధింపు ఆగే ఏర్పాటు చేయండి. తర్వాత కూడా అతను కోరుకుంటేనే ఇద్దరినీ కలపాలి. చీటీల్లో ఇలాంటిది కనిపించినా తరగతి చర్చకు తేకుండా, అదే రోజు హెడ్‌మాస్టర్‌కు చెప్పండి.