చర్చి తగాదా కోర్టుకెక్కొచ్చా, పెద్దల ముందే తేల్చుకోవాలా?

కొండపి విశ్వాసి
అందరికీ వందనాలు. మన ఒంగోలు, నెల్లూరు వైపు కమిటీ ఎన్నికలు కాగానే సంఘం రెండు వర్గాలై, గేటుకు ఒకరి తాళం మీద ఇంకొకరు తాళం వేస్తున్నారు. ఆ తర్వాత దావా. బైబిల్లో 1 కొరింథీ 6లో అపొస్తలుడైన పౌలు సహోదరుల మధ్య వ్యాజ్యాన్నే తప్పుపట్టాడు. దానికంటే అన్యాయం సహించడం మేలన్నాడు. దావా వేసినవాళ్ళను ప్రభువు బల్లకు (సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారానికి) రానివ్వకూడదని నేనంటాను. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న నేల మీద మనకీ గతేంది?

కావలి అడ్వకేటు
అన్నా, యెరూషలేములో న్యాయం జరగదని తెలిసే పౌలు కైసరు, అంటే రోమా చక్రవర్తి ఎదుట చెప్పుకొంటానన్నాడు (అపొస్తలుల కార్యములు 25:11). కోర్టుకు పోవడమే పాపమైతే ఆ మాట అనడు గదా.

ఇక చట్టం సంగతి. సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంటే కమిటీ జాబితా ఏటా జిల్లా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. రెండు వర్గాలూ రెండు జాబితాలిస్తే ఏది అసలుదో తేల్చే అధికారం ఆయనకు లేదు. 2001 సొసైటీల చట్టం 23వ సెక్షన్ కింద మధ్యవర్తి దగ్గరకు గానీ జిల్లా కోర్టుకు గానీ పోవాల్సిందే. తాళాల గొడవ కొట్లాట దాకా పోతే పోలీసుల రిపోర్టు మీద మండల మేజిస్ట్రేటు గుడిని జప్తు చేయొచ్చు. అప్పుడు తాళంచెవి ఇద్దరికీ దక్కదు. ఆదివారం ఆరాధన రోడ్డు మీదే.

కొండపి విశ్వాసి
కైసరు మాట ఒప్పుకోను అడ్వకేటు గారూ. అక్కడ పౌలు మీద నేరం మోపింది సంఘస్థులు కాదు, ఆయన దావా వేసిన వాదీ కాదు. ప్రాణం కాపాడుకోవడం వేరు, సహోదరుడి మీద కేసు పెట్టడం వేరు.

ఒంగోలు స్త్రీల సమాజం సభ్యురాలు
ఇద్దరూ ఒకటి వదిలేశారు. పిల్లల మీద లైంగిక దాడి జరిగితే తగాదా సంఘంలోనే తేల్చుకోమనే మత్తయి 18 పేరు చెప్పి పెద్దల్లో కూర్చోబెట్టడం నేరం. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. రోమా 13లో అధికారి ఖడ్గం ఊరకే ధరించడని రాసింది ఇలాంటివాటికే. ఇక్కడ "సమాధానపడండి" అని ఒత్తిడి చేసేవాళ్ళు ఆ బిడ్డకు రెండోసారి అన్యాయం చేస్తున్నట్టే.

కొండపి విశ్వాసి
నిజమే సిస్టర్. నేరాన్ని ఇందులో కలపను. నేనంటున్నది పదవులు, ఆస్తుల గురించే.

నెల్లూరు కాపరి
వాటికైతే మత్తయి 18:15-17 చాలు, చెడేదల్లా మనం చేసే తీరులో. మొదటి మెట్టు ఒంటరిగా పోయి మాట్లాడడం. మనవాళ్ళు అది దాటేసి ముందు వాట్సాప్ గ్రూపులో పెడతారు. నలుగురిలో పరువు పోయినవాడు ఇక తగ్గుతాడా? రెండో మెట్టుకు "ఒకరిద్దరిని" వెంటబెట్టుకొని పొమ్మంటే మన వర్గం వాళ్ళనే తీసుకుపోతాం. అది సాక్ష్యం కాదు, బలగం. చెరో వైపు ఒకరు, ఇద్దరూ ఒప్పుకున్న వేరే ఊరి పెద్ద ఒకరు ఉండాలి. మూడో మెట్టులో సంఘానికి చెప్పేటప్పుడు లెక్కలే చదవాలి, తిట్లు కాదు. అప్పటికీ వినకపోతే "సుంకరిగా ఎంచుకో" (అంటే అందరూ దూరం పెట్టే పన్ను వసూలుదారుగా) అన్నారని సమాధి స్థలం కూడా ఇవ్వనివాళ్ళున్నారు. అది రాసిన మత్తయే సుంకరి, యేసు అతని ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. 15వ వచనం చివర "నీ సహోదరుని సంపాదించుకొంటివి" అని ఉంది. సంపాదించాల్సింది మనిషిని.

రాజీ కుదిరిన రోజే కాగితం రాయాలి. తాళంచెవి ఎవరి దగ్గర, బ్యాంకులో సంతకాలు ఎవరివి, కానుక పెట్టె ఎవరెదుట తెరవాలి, మళ్ళీ ఎన్నిక ఏ తేదీన, ఓటర్ల జాబితా ఎవరు తయారుచేస్తారు. ఆఖరిది రాయకపోవడంవల్లే ఎక్కువ రాజీలు ఏడాది తిరక్కముందే చెడతాయి. "ఇకమీదట ప్రేమగా ఉంటాము" అని రాస్తే ఏం నిలుస్తుంది?

కావలి అడ్వకేటు
కాపరి గారు చెప్పిన కాగితాన్ని కేసు లేకుండానే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో పెట్టండి. ఫీజు లేదు. అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలుండదు. స్థలం హక్కు వదులుకుంటూ ఊరికే తెల్లకాగితం రాసుకుంటే మాత్రం రిజిస్ట్రేషన్ లేక చెల్లదు. పాత మిషన్ స్థలమైతే దస్తావేజు ఎవరి పేరున ఉందో ముందే ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీసి చూడండి.

ఇంకొకటి. హక్కు మాదేనని కోర్టు చేత చెప్పించుకునే ప్రకటన దావాకు మూడేళ్ళు, స్థలం స్వాధీనానికి పన్నెండేళ్ళు గడువు. మాటలు సాగుతున్నాయని ఊరుకుంటే ఆ గడువు ఆగదు.

కొండపి విశ్వాసి
లోక్ అదాలత్‌కు నా అభ్యంతరం లేదు, అక్కడ ఓడేవాడు లేడు కాబట్టి. అయినా ప్రభువు బల్ల సంగతికి ఎవరూ జవాబివ్వలేదు.

నెల్లూరు కాపరి
మత్తయి 5:24 చూడండి బ్రదర్. అర్పణను బలిపీఠం ముందు వదిలి, ముందు పోయి సమాధానపడు అంది. అది వాదికి ఎంతో ప్రతివాదికీ అంతే. ఒకవైపు వాళ్ళనే ఆపితే మీరూ వర్గంలో చేరినట్టే. ఆపితే ఇద్దరినీ ఆపండి, అదీ రాజీకి కూర్చునే తేదీ చెప్పి ఆపండి.